సైనికుని బొమ్మ, డబ్బాలోని పొడి

(అమీర్‌పేటలో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము)



పంజాగుట్ట చౌరస్తాలో నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ కడ బస్సు దిగి, అమీర్‌పేట మైత్రీవనము వరకు మెల్లగా నడచివచ్చుట నాకు మెట్రో వంతెన లేని దినములనుండియు అలవాటు. ఈ త్రోవలో అంగళ్ల స్వరూపము ఎన్నిసారులు మారినదో లెక్కపెట్టువారు లేరు గాని, ఒక్కొక్క కాలమున ఈ వీథి ఏ ఆశను అమ్ముచుండెనో బోర్డులను చదివినవానికి తెలియకపోదు. ఒకప్పుడు టైపు, షార్టుహ్యాండు; పిదప జావా, ఒరాకిల్, పైథాన్; వానికి తోడుగా ఒకే గదిలో ఆరు మంచములు పట్టించిన హాస్టళ్లు, ఆ హాస్టళ్ల పిల్లలను నమ్ముకొన్న ఇడ్లీ బండ్లు. ఈ పది పదునైదేండ్లలో వానినడుమ మఱియొక తెగ అంగళ్లు వెలసినవి. అద్దముల వెనుక బిందెలంతటి నల్లని డబ్బాలు, వానిపై కండలు తేరిన దేహములు, లోపల తెల్లని పొడి. ఉపవాసమే ఔషధమని బోధించు ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయము ఒక వంకను, దినమునకు మూడు గరిటెల పొడి కలుపుకొని త్రాగుమను అంగడి ఒక వంకను ఉండగా, రెంటికిని గిరాకి తగ్గకుండుట అమీర్‌పేటకే చెల్లినది.

మా యింటి వెనుక హాస్టలులో మహబూబునగరము వైపు పల్లెనుండి వచ్చిన ఒక కుఱ్ఱవాడు పోలీసు కానిస్టేబులు పరీక్షకు సిద్ధమగుచుండెను. తెల్లవారుజామున నేను వాకిటికి వచ్చు వేళకు అతడు పరుగు ముగించుకొని చెమటతో తిరిగివచ్చుచుండువాడు. ఒకనాడు చంకలో డబ్బాతో కనబడెను. డబ్బాపై అడవిరంగుల ఉడుపు తొడిగి, చెంపలకు మసి పూసుకొని, తుపాకి పట్టిన సైనికుని బొమ్మ. ఏమిటిదని అడిగితిని. "క్రియాటిన్ సార్. మిలిటరీవాళ్లు తాగేదంట. ఇది తాగితే ఉరుకుడు అల్కగైతదన్నరు," అనెను. వెల అడిగితిని. నెలకు హాస్టలుకు కట్టు సొమ్ములో సగమున కెక్కువ. ఏ మిలిటరీ అని అడిగితిని. అతడు నవ్వి ఊరకుండెను. ఆ ప్రశ్న అతనిని అడుగవలసినది కాదని నాకును తరువాత తోచెను.

నేడు మనము స్మరించుచున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, 1948లో న్యూయార్కున కన్నుమూసిన శాస్త్రజ్ఞుడు. ఆ డబ్బాలోని పొడి మానవదేహములోని కండరమున ఏ రూపమున నిలిచి ఏ పని చేయునో లోకమునకు తెలిపిన తొలివారిలో ఆయన యొకడు. డబ్బాపై ఆయన పేరు లేదు. ఉండవలెనని నేను కోరుటయు లేదు. ఆయన పేరుండవలసిన చోటికి సైనికుడు ఎట్లు వచ్చెను, ఎవరు తెచ్చిరి, వచ్చి ఎన్నాళ్లయినది అను విచారమే నేటి నా ఉపన్యాసమునకు విషయము. సైనికునికి ఏమి పెట్టిరి, సైనికుని చూపి ఏమి అమ్మిరి అను రెండు ప్రశ్నలను మనము ఒకే ప్రశ్నగా భావించుచు వచ్చితిమి. రెంటి సమాధానములును వేఱని నూట ఏబది యేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

కథ జర్మనీలో ఒక నక్కతో మొదలగును. మాంసమునందు క్రియాటిన్ అను పదార్థము కలదని 1832లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు షెవ్రల్ కనుగొని, గ్రీకు భాషలో మాంసమను అర్థము గల పదమునుండి దానికి పేరు కల్పించెను. 1847లో జర్మను రసాయన శాస్త్రాచార్యుడు లీబిగ్, వేటలో తరుమబడి చచ్చిన అడవి నక్క మాంసమును, బోనులో పెరిగిన నక్క మాంసమును పోల్చిచూచి, పరుగెత్తిన నక్కలో ఈ పదార్థము పదిరెట్లున్నదని ప్రకటించెను. శ్రమకును ఈ పదార్థమునకును సంబంధము కలదను ఊహకు అది తొలి బీజము. ఆ లీబిగే మాంసమును ఉడికించి, క్రొవ్వు తీసివేసి, రసమును ఇగిర్చి లేహ్యముగ చేయు పద్ధతిని చెప్పెను. ముప్పది పాళ్లకు పైబడిన మాంసమునకు ఒక పాలు లేహ్యము. 1865 నాటికి దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున ఫ్రే బెంటోస్ రేవులో ఆయన పేర కంపెనీ వెలసి, తోలుకొఱకు చంపిన పశువుల మాంసమును లేహ్యముగ మార్చి ఐరోపాకు ఎగుమతి చేయసాగెను. ముప్పది సేర్ల మాంసపు సత్తువ ఒక సేరులో ఇమిడినదని కొన్నవారు తలచిరి. ఇమిడినది రుచియు, ఉప్పును, కొన్ని కరుగు పదార్థములును మాత్రమే. కండపుష్టి నిచ్చు మాంసకృత్తులలో అధికభాగము వడపోతలోనే మిగిలిపోయెను. ఒక పదార్థమున ఉన్న గుణము దాని సారమున ఇంకను చిక్కగ ఉండునను ఈ నమ్మకము మన వంటయింటికిని క్రొత్త కాదు. జ్వరపడి లేచినవానికి చారునీళ్లు పోసి సత్తువ వచ్చునని చెప్పిన అమ్మమ్మలు లీబిగ్ పేరు విని యెఱుగరు. అయితే వారు చారును సీసాలో పోసి అమ్మలేదు.

లీబిగ్ వెనుకనే వచ్చిన స్కాట్లండు వర్తకుడు జాన్ లాసన్ జాన్‌స్టన్ కథ యుద్ధమునుండియే పుట్టినది. 1870-71 నాటి ఫ్రెంచి-జర్మను యుద్ధ కాలమున మూడవ నెపోలియను తన సైన్యమునకై పదిలక్షల డబ్బాల గోమాంసము కోరగా, దానిని సమకూర్చు పనికి పూనుకొన్న జాన్‌స్టన్, ఆ అనుభవమునుండి ద్రవరూపమైన గోమాంససారమును తయారుచేసి, 1880ల నడుమ దానికి బోవ్రిల్ అని నామకరణము చేసెను. ఆ పేరులో మొదటి సగము లాటినున ఎద్దు. రెండవ సగము 'వ్రిల్' అనునది బుల్వర్ లిట్టన్ 1871లో ప్రకటించిన కల్పిత నవలలో భూగర్భవాసులు వాడు మాయాశక్తికి పేరు. ఒక మాంసపు లేహ్యమునకు కల్పితకథలోని శక్తిని జోడించి పేరు పెట్టిన ఆ వర్తకునికి ప్రకటనకళ ఎవరును నేర్పవలసిన పని లేకుండెను.

దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము జరుగునప్పుడు, 1900లో, ఈ బోవ్రిల్ కంపెనీ పత్రికలలో వేసిన ప్రకటన నా దృష్టిలో ఈ చరిత్ర కంతటికి మేరుపూస. సేనాధిపతి లార్డ్ రాబర్ట్సు కింబర్లీ పట్టణమును ముట్టడినుండి విడిపించి, ఆరెంజి ఫ్రీ స్టేట్ రాజధానియైన బ్లూంఫాంటీను వరకు సేనలను నడిపించిన దారిని పటముపై గీచి, ఆ గీతయే బోవ్రిల్ అను అక్షరములుగ ఏర్పడినదని చూపించిరి. ఈ రాబర్ట్సు మన దక్షిణదేశమునకు అపరిచితుడు కాడు. 1881 మొదలు 1885 వరకు మద్రాసు సేనకు సర్వసేనాని. సేనలు నడచిన నేలపై, ఎండలో, సన్నిపాతజ్వరముతో రాలిపోయిన ప్రాణముల నడుమ, కంపెనీవాడు తన సరకు పేరును వ్రాసికొనెను. ఆ ప్రకటనలో బోవ్రిల్ త్రాగిన సైనికుడు ఒక్కడును కనబడడు. త్రాగినట్లు చెప్పవలసిన అవసరము సైతము లేకపోయెను. విజయము పటముపై నున్నది, పేరు విజయముపై నున్నది, ఇక సీసా లండనులో ఏ మూలనున్న దుకాణమునందైనను దొరకును. యుద్ధమునకు పోనివాడు ఆ సీసా కొని, ఒక చెంచా వేడినీటిలో కలుపుకొని, తానును ఆ దండయాత్రలో పాల్గొన్నట్లు భావించి నిద్రపోవును.

1914 నాటికి ఈ విద్య ముదిరినది. జేమ్స్, విలియం హార్లిక్ సోదరులు 1883లో అమెరికాలో పేటెంటు పొందిన పాలు, బార్లీ, గోధుమ కలిసిన పొడి అప్పటికి ఇంగ్లండున స్లావ్ పట్టణమున సొంత కర్మాగారమునుండి వచ్చుచుండెను. మొదటి ప్రపంచయుద్ధము మొదలైన పిదప, ఆ పొడితో అచ్చొత్తిన బిళ్లలకు పత్రికలలో ప్రకటనలు వేసిరి. మీవాడు ముందరి కందకములలో ఉన్నాడా, ఒకటిన్నర షిల్లింగు పంపుడు, బిళ్లల డబ్బాను మేమే తపాలా ఖర్చు లేకుండ చేర్చెదము. సైనికుని సంఖ్య, పేరు, దళము స్పష్టముగ వ్రాయుడు. దీనిని తప్పుపట్టుటకు నాకు మనసు రాదు. కుమారుడు బురదలో నిలిచియున్నాడని తెలిసిన తల్లికి ఏదో ఒకటి చేయు అవకాశము దొరుకుట చిన్న మేలు కాదు. పైగా పాలు, బార్లీ మోసపు సరకులు కావు. గమనింపవలసిన సంగతి వేఱు. ప్రకటన చదివినది తల్లి, సొమ్ము చెల్లించినది తల్లి. కొడుకు చిరునామా మాత్రమే. అదే కాలమున ఆక్సో కంపెనీవారు 1910లో ప్రవేశపెట్టిన తమ మాంససారపు బిళ్లలు పది కోట్లు సైనికులకు చేరినవని చెప్పుకొనిరి. ఫాస్ఫరీన్ అను టానిక్కువారు ఉడుపు వేసికొన్న సైనికుల ఛాయాచిత్రములను, వారు కృతజ్ఞతతో వ్రాసిన జాబులను వారము వారము పత్రికలలో అచ్చువేసిరి. నిద్రలేమి, నరముల బలహీనత, కందకములలోని వణకు, అన్నిటికిని ఒకే సీసా. కందకములలోని వణకునకు కారణము నరముల యందు కాక ఫిరంగుల యందున్నదని ఆ జాబులలో ఎవ్వరును వ్రాసినట్లు లేదు.

శానటోజన్ ముచ్చట కూడ ఇచ్చటనే చెప్పవలెను. పాలలోని కేసీనుతో బెర్లినులో తయారై, యుద్ధపూర్వము ఇంగ్లండు ప్రభువర్గము ప్రీతితో సేవించిన పొడి యది. యుద్ధము రాగానే అది శత్రువు సొత్తయినది. ఆ వ్యాపారమును ఆంగ్లేయులు స్వాధీనపరచుకొని, కంపెనీ పేరును అక్షరములు తారుమారు చేసి జెనటోసన్ అని మార్చిరి. పొడి అదే, పాలు అవే. జాతి మాత్రము రాత్రికి రాత్రి మారినది. మన పురాణములలో పరకాయప్రవేశమునకు తపస్సు కావలసియుండెను.

ఇక సైనికుని భోజనము సంగతి. దీనిని గుఱించి నిదానముగ చెప్పవలెను, ఏలయన ఇందులో మన హైదరాబాదుకు చుట్టఱిక మున్నది. 1880ల చివర ఈ నగరమున జరిగిన సుప్రసిద్ధమైన క్లోరోఫారం పరిశోధనలలో పాల్గొన్న వైద్యులలో పాట్రిక్ హెయిర్ అను సైనిక వైద్యాధికారి యొకడు. పాతికేండ్లు గడచిన పిమ్మట మెసపొటేమియాలో, టైగ్రిసు ఒడ్డున కూట్ అను ఊరిలో, జనరల్ టౌన్‌షెండు సేన తురుష్కుల ముట్టడిలో చిక్కువడినప్పుడు ఆ సేనకు ప్రధాన వైద్యాధికారిగ ఉన్నది ఈయనయే. 1915 డిసెంబరు మొదలు 1916 ఏప్రిల్ 29వ తేదీన లొంగిపోవువరకు దాదాపు అయిదు నెలలు ఆ ఊరిలో ఆంగ్ల సైనికులును, భారతీయ సైనికులును ఒకే ముట్టడిని అనుభవించిరి. అయినను వారికి వచ్చిన రోగములు వేఱు. ఆంగ్ల సైనికులు తవుడు తీసిన తెల్లపిండి రొట్టె తిని బెరిబెరితో కాళ్లు వాచి పడిపోయిరి. తెల్లపిండి నిలువలు తరిగి, బార్లీయు ఆటాయు కలిపిన రొట్టె తినక తప్పని స్థితి వచ్చినప్పుడు వారి బెరిబెరి తగ్గినది. మన సిపాయిలు మొదటినుండియు పొట్టుతో కూడిన ఆటా తినుచుండుట వలన వారికి బెరిబెరి రాలేదు. కాని కూరగాయలు లేవు, గుఱ్ఱపు మాంసము తినుటకు ఆచారము ఒప్పలేదు, చిగుళ్లనుండి నెత్తురు కారు స్కర్వీ వ్యాధి వారిని క్రుంగదీసెను. గుఱ్ఱపు మాంసము తిన్న ఆంగ్లేయులకు స్కర్వీ రాలేదు. ఎవనిని ఏ కంచము కాపాడినదో, ఏ కంచము కడతేర్చినదో ఇంత స్పష్టముగ చూపిన ప్రయోగము మఱి యే శాస్త్రజ్ఞుడును చేయలేడు, చేయరాదు.

విటమిన్ అను మాట పుట్టి అప్పటికి నాలుగేండ్లే. మెసపొటేమియా సేనకు బెరిబెరి నివారణకై పంచిన మార్మైట్, బీరు బట్టీలలో మిగిలిన ఈస్టు మడ్డినుండి తీసిన లేహ్యము. దానిపై సేనాపతి బొమ్మ అక్కఱలేకపోయెను. 1918లో నీలగిరులలోని కూనూరున వైద్యుడు రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో బెరిబెరి విచారణ శాఖను నెలకొల్పెను. ఆ గదియే పెరిగి పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు ధరించి, నేడు తార్నాకలో మన కండ్ల ఎదుట నున్నది. ఇచ్చటినుండి బస్సెక్కినచో గంట ప్రయాణము. అమీర్‌పేట పొడుల అంగళ్లకు వచ్చు కుఱ్ఱవాండ్రలో తార్నాక సంస్థ ముఖము చూచినవారు ఎందఱో నాకు అనుమానము.

మన నగరము ఆ యుద్ధమున ఊరక కూర్చుండలేదు. నిజాము పంపిన హైదరాబాదు లాన్సర్లు సూయజు కాలువ మొదలు పాలస్తీనా వరకు పోరాడిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహములలో ఒకటి వారిది. నిజాము ధనముతో కొన్న డీహెచ్ 9ఏ విమానములు 110వ దళమునకు 1918లో చేరినప్పుడు ఒక్కొక్క విమానముపై అది నిజాము కానుకయని వ్రాసియుండెను. వస్తువుపై పేరు వ్రాసికొను కోరిక వర్తకులదే యనుకొనరాదు. యుద్ధము ముగిసిన రెండేండ్లకు, 1920లో, హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ ఈ నగరమున జిందా తిలిస్మాత్ అను ఔషధమును ప్రవేశపెట్టెను. ప్రధానముగ నీలగిరి తైలముతో కూడిన ఆ ఎఱ్ఱని మందు తెలంగాణములో ఎన్ని యిండ్ల గూటిలో కలదో చెప్పనక్కఱలేదు. ఆ సీసాపై ఉన్న మనిషి ఆఫ్రికా వాడు. నిజాము కొలువులోని ఆఫ్రికన్ అశ్విక రక్షకదళపు సిద్దీల దేహబలమును చూచి ఆ బొమ్మను ఎన్నుకొనిరని పెద్దలు చెప్పుదురు. ఆ దళము నివసించిన వాడయే నేటి ఏ.సీ. గార్డ్స్, ఈ సభామందిరమునకు దూరము కాదు. సిద్దీ భటుడు ఆ మందు త్రాగి బలవంతుడు కాలేదు. బలవంతుడగుట వలన మందుపైకి ఎక్కెను. అయినను జిందా తిలిస్మాత్ పట్ల నాకు ఒక మెత్తదనము కలదు. జలుబునకు నేను నేటికిని వాడుదును. సమాజము మఱచిపోయిన ఒక జాతి ముఖమును నూఱేండ్లుగ ఇంటింట నిలిపినది ఆ సీసాయే గదా! ఆంధ్రదేశపు వైపు చూచినచో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో మద్రాసునుండి దినపత్రికగ నడప మొదలిడిన ఆంధ్రపత్రిక ఆ యుద్ధవార్తలను తెలుగువారి అరుగులమీదికి చేర్చినది. ఆ పత్రికకు వెనుకబలము 1893 నాటినుండి అమ్ముచున్న అమృతాంజనము. తలనొప్పి తెచ్చు వార్తకు తలనొప్పి మందే మదుపు పెట్టినదని ఆ కాలపు చమత్కారులు అనకుందురా?

రెండవ యుద్ధము నాటికి సైనికుని చేతి సీసాలో మాంసరసము పోయి విటమిన్లు వచ్చినవి. 1941 మే నెలలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు దేశరక్షణకై పోషకాహార మహాసభ జరిపించెను. విటమిన్ బి1 లోపించినచో మనుష్యునికి ధైర్యమును, పట్టుదలయు సడలునని చెప్పి, దానికి ధైర్య విటమిన్ అని ముద్దుపేరు పెట్టిరి. శాస్త్రజ్ఞుడు చెప్పిన మాటలో 'లోపించినచో' అను షరతు కలదు. ప్రకటన వ్రాయువాడు మొదట కొట్టివేయు పదము అదియే. లోపమున్నవానికి లోపము తీర్చిన మేలగును. లోపము లేనివానికి మఱికొంత పోసినచో మఱికొంత శౌర్యము రాదు. ఈ ఒక్క షరతును తుడిచివేయుటపై ఒక పరిశ్రమ నిలిచినది.

సుబ్బారావుగారు 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధన సారథ్యము వహించినది ఈ కాలముననే. తిన్న ఆహారము ఒంటబట్టనీయని స్ప్రూ వ్యాధికి ఆయన సోదరు లిరువురు బలియైరి. ఆ వ్యాధి ఆయనను సోకినప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదము కాపాడెను. అట్టివానికి లోపమనగా ఏమో ప్రకటన చెప్పవలసిన పని లేదు. కాలేయసారమును సంవత్సరముల తరబడి విడదీసి విడదీసి, 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మించినది. పసిఫికు దీవులలో సైనికులకు బోదకాలు వ్యాధి సోకుటవలన మొదలైన వెదకులాటనుండి ఆయన కూటమి 1947లో హెట్రజాన్ మందును వెలికితెచ్చినది. బోదకాలు మన కోస్తా జిల్లాలకు ఎంతటి శాపమో మీకు తెలియును. సైనికునికై వెదకిన మందు భీమవరము చుట్టుప్రక్కల రైతుకూలీకి అక్కఱకు వచ్చినది.

మన సిపాయికి ఆ యుద్ధమున ఏమి పెట్టిరన్నచో, ఉసిరిక. కూనూరు పరిశోధకులు మన ఉసిరికాయలో నారింజకంటె ఎన్నో రెట్లు విటమిన్ సి కలదని, ఎండబెట్టినను అందులో చాలభాగము నిలుచునని తేల్చిరి. నూరు గ్రాముల ఉసిరికకు దాదాపు 600 మిల్లీగ్రాములని వారి పట్టికలు చెప్పెడివి. కూట్‌లో సిపాయిల చిగుళ్లు కార్చిన నెత్తుటికి ఇరువది అయిదేండ్ల తరువాత దొరికిన సమాధానము, ఉసిరిక పొడిగను మాత్రలుగను సేనలకు అందినది. 1940 ఏప్రిలులో జర్మనులు నార్వేను ఆక్రమించుటతో కాడ్ చేప కాలేయపు నూనె రాక స్తంభించినప్పుడు, మద్రాసు ప్రభుత్వపు మత్స్యశాఖ సొరచేప కాలేయమునుండి నూనె తీయించినది. ఉసిరికకు గాని, సొరనూనెకు గాని కందకములో నిలిచిన వీరుని బొమ్మతో ఎవరును ప్రకటన వేసినట్లు నేనెఱుగను. చెట్టుక్రింద రాలు కాయకు ప్రకటన వేసి లాభపడువాడెవడు? హార్లిక్సు మాత్రము మొదటి యుద్ధమునుండి తిరిగివచ్చిన సిపాయిల పెట్టెలలో మన దేశమునకు చేరినదని దాని చరిత్ర చెప్పుకొనును. పిదప రాజమహేంద్రవరముననే దానికి కర్మాగారము వెలసి, గోదావరి పిల్లలకు గ్లాసులలో అలవాటయ్యెను.

ఇప్పుడు ఆ కుఱ్ఱవాని డబ్బాకు వత్తును. 1927లో హార్వర్డు వైద్య విద్యాలయమున సైరస్ ఫిస్కేయు, సుబ్బారావుగారును కండరమున క్రియాటిన్‌లో అధికభాగము ఫాస్ఫేటుతో జతకూడి ఫాస్ఫోక్రియాటిన్‌గ నిలువయుండుననియు, కండరము ముడుచుకొనినప్పుడు ఆ జత విడిపోవుననియు, విశ్రాంతిలో మరల కూడుననియు నిరూపించిరి. అదే సంవత్సరము ఇంగ్లండున ఎగిల్టన్ దంపతులు ఆ పదార్థమును వేఱుగ గుర్తించి ఫాస్ఫజన్ అని పిలిచిరి. రెండేండ్లకు ఫిస్కే, సుబ్బారావుగార్లు దేహమున శక్తిని మోయు ఏటీపీ అను పదార్థమును కూడ వెలికితీసిరి. లీబిగ్ నక్క ఎనుబదేండ్లు పరుగెత్తి ఈ ప్రయోగశాల చేరినది. ఈ ఫాస్ఫోక్రియాటిన్ నిలువ దేహమునకు గల చిల్లరడబ్బు వంటిది. అకస్మాత్తుగ బరువెత్తుటకు, దూకుటకు, పది లెక్కించునంతలో ముగియు పరుగునకు వెంటనే చేతికి అందును. ఆపైన దేహము వేఱు ఖజానాలను తెఱచుకొనవలసినదే. 1992లో క్రియాటిన్ తిన్నచో కండరములలో ఆ నిలువ పెరుగునని ప్రయోగములు చూపిన మఱుసటి సంవత్సరమే, 1993లో, అమెరికాలో ఒక కంపెనీ దానిని డబ్బాలలో నింపి అంగళ్లకు పంపెను. సరకు పేరు ఫాస్ఫజన్! ఎగిల్టన్ దంపతుల మాట ఉత్తపుణ్యమునకు దొరికినది. క్రియాటిన్ బూటకమని నేను చెప్పను. బరువులెత్తు మల్లునికి, తగిన మోతాదున, అది పనికివచ్చుననుటకు ఆధారములు కలవు. మా కుఱ్ఱవాడు ముగింపవలసిన పరుగు 1600 మీటర్లు. అందుకు పోలీసు నియామకమువారిచ్చు గడువు ఏడు నిమిషముల పదునైదు సెకండ్లు. చిల్లరడబ్బు తొలి మలుపునకు ముందే ఖర్చగును. ఆపైన ఆతనిని నడిపించునది ఊపిరియు, గుండెయు, ప్రొద్దుటి అన్నమును. పైగా ఈ పొడి కండరములలో నీటిని నిలుపును గనుక, మొదటి వారములలో ఒక కిలో బరువు పెరిగి పరుగు మఱింత భారము కావచ్చును. ఉరుకుడు అల్కగైతదని వానికి చెప్పినవాడు ఈ లెక్క చెప్పలేదు.

చట్టములు లేకపోలేదు. 1954 నాటి ఔషధ, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టము ఎన్నో రోగములను పేర్కొని, వానిని కుదుర్చుదుమను ప్రకటనలను నిషేధించినది. పొట్టివానిని పొడుగు చేయుదుమనుట సైతము ఆ పట్టికలోనిదే. పరుగు రోగము కాదు, బలము రోగము కాదు, కనుక ఈ డబ్బా ఆ వలలో పడదు. 2024 ఏప్రిలులో హార్లిక్సు వంటి పొడులు ఆరోగ్యపానీయములను బిరుదు వదలుకొనవలసివచ్చినది. మే నెలలో తార్నాక సంస్థ తన ఆహార మార్గదర్శకములలో కండలు పెంచుకొనుటకు ప్రోటీను పొడులను వాడవద్దని స్పష్టముగ చెప్పినది. ఆ నెల అమీర్‌పేటలో అంగళ్లేమియు మూతపడలేదు.

నేను ఆ కుఱ్ఱవానిని ఒకనాటి సాయంకాలము మా వరండాలో కూర్చుండబెట్టి భీమవరపు సుబ్బారావుగారి కథ చెప్పితిని. పది సెకండ్ల సంగతి చెప్పితిని. అతడు తల వంచుకొని విని, నేను ఊహింపని ప్రశ్న వేసెను. "మరి సార్, మిలిటరీవాళ్లు నిజంగ ఏం తింటరు?" రొట్టె, పప్పు, కూర, పాలు, గుడ్డో మాంసమో, పండ్లు, పూర్వము ఉసిరిక పొడి కూడ అని చెప్పితిని. "గంతేనా?" అనెను. ఆ స్వరమున నిరాశయే గాని నింద లేదు. డబ్బాను ఒడిలోనికి తీసికొని, వీధిదీపపు వెలుతురుకు త్రిప్పి, వెనుకనున్న సన్నని అక్షరములను చాలసేపు చదివెను. "ఆయన పేరు లేదు సార్," అనెను. పిదప మూత బిగించి, "రేపు పొద్దున పరుగుంది," అని లేచి, డబ్బాను చంకలో పెట్టుకొని హాస్టలు మెట్లెక్కెను.